తీర్పునకు రాని తగవు

‘గోదాన్’ చదివినవారికి హోరీ మరణము జ్ఞాపకముండును. వేసవి యెండలో కంకర త్రవ్వుచు వడదెబ్బ తిని పడిపోయిన ఆ రైతు చల్లబడిన చేతిలో, భార్య ధనియా తాను పురిత్రాడు అమ్మి తెచ్చిన 20 అణాలు పెట్టి, అదియే గోదానమనుకొమ్మన్న ఘట్టము మరపునకు వచ్చునది కాదు. ఆ మరణమునకు కొంత ముందు జరిగిన మరియొక సంగతి మాత్రము పాఠకులకు అంతగా జ్ఞాపకముండదు. మూడేండ్ల శిస్తు బాకీ పడినదని జమీందారు గుమాస్తా నోఖేరామ్ హోరీపై బేదఖలు దావా తెచ్చినాడు. దఖలు అనగా స్వాధీనము. బేదఖలు అనగా ఆ స్వాధీనమును తప్పించుట. నైజాము పాలన నెరిగిన తెలుగువారికి ఈ మాట క్రొత్త కాదు. భూమి చేజారకుండుటకై హోరీ తన చిన్న కూతురు రూపను, ఇంచుమించు తన యీడువాడైన రామసేవక్‌నకు ఇచ్చి పెండ్లి చేసి 200 రూపాయలు పుచ్చుకొన్నాడు. ఎండ అతని ప్రాణము తీసినది. అంతకుముందే ఈ దావా అతని మానము తీసినది.

ఈ దావా న్యాయస్థానములో నడచినట్లు ప్రేమ్‌చంద్ చూపలేదు. వకీలు వాదించలేదు, సాక్షి ప్రమాణము చేయలేదు, న్యాయాధికారి తీర్పు చదువలేదు. తగవు కచ్చేరి గుమ్మము త్రొక్కకముందే హోరీ ఇంటిలో తీరిపోయినది. కాగితము మీద చూచినచో బాకీ చెల్లినది, రైతు భూమి రైతుకే మిగిలినది. ఇంతకంటె చక్కని రాజీ వేరొకటి ఉండబోదు. ఆ రాజీకి ఎంత వెల పడినదో నవల మాత్రమే వ్రాసి యుంచినది.

కౌలు తగవులను గూర్చి మన దేశభాషలలో వెలసిన కథలు, నాటకములు, పద్యములు కొల్లలు. వీని నన్నిటిని అభ్యుదయ సాహిత్యమని ఒక్క గాట కట్టివేయుట విమర్శకులకు అలవాటు. రైతు మంచివాడు, భూస్వామి చెడ్డవాడు, రచయిత రైతు పక్షమున నిలిచినాడు. ఇంతటితో విమర్శ ముగియును. రైతు పక్షమున నిలుచుట కష్టమైన పని కాదు. ఆ తగవు ఎచ్చట తీరినది, అచ్చట ఎవరి మాట చెల్లినది, ఓడినవాడు తన ఓటమికి తానే ఎట్లు ఒప్పుకొన్నాడు అను ప్రశ్నలకు జవాబు వెదకుట కష్టము. లోకములో భూమి విడిచిపోయిన కౌలుదారులలో ఎక్కువమంది తీర్పు వలన పోలేదు. తమంత తాము విడిచినట్లు వ్రాయించుకొనబడి పోయినారు. ఆ ‘తమంత తాము’ అను మాటను విప్పి చూపిన రచనలు నిలిచినవి. దానిని దాటివేసి రచయిత తానే న్యాయాధిపతియై తీర్పు చెప్పినచోట, ఎంతటి ప్రతిభ యున్నను, రచన తడబడినది. ప్రేమ్‌చంద్ ఒక్కని రచనలలోనే ఈ రెండు రీతులును కనబడుట విశేషము.

1916లో ఆయన వ్రాసిన ‘పంచ పరమేశ్వర్’ కథ మన పాఠ్యపుస్తకముల ద్వారా కూడ సుపరిచితమే. జుమ్మన్ షేక్‌నకు అతని పిన్నమ్మ తన ఆస్తిని వ్రాసి యిచ్చినది. అతడు ఆమెను పోషించుట మానినాడు. ఆమె పంచాయతీ పెట్టించి, జుమ్మన్‌నకు ప్రాణస్నేహితుడైన అలగూ చౌధరినే పెద్దగా కోరుకొన్నది. అలగూ స్నేహమును ప్రక్కకు పెట్టి ఆమెకు న్యాయము చెప్పినాడు. కొంతకాలమునకు అలగూ తగవు జుమ్మన్ యెదుటికి వచ్చెను. జుమ్మన్ పగను ప్రక్కకు పెట్టినాడు. కథ చక్కనిది, నడక తేటయైనది. కాని అందలి వారందరును ఒకే గ్రామమున సమాన స్థాయిలో బ్రదుకువారు. నేడు తీర్పు చెప్పువాడు రేపు తీర్పు అడుగువాడు. అట్టి చోట పంచాయతీ పరమేశ్వరుడగుటలో ఆశ్చర్యము లేదు. జమీందారు ఆ అరుగు మీద కూర్చుండలేదు.

ఇరువది యేండ్ల తరువాత, 1936లో, అదే రచయిత అదే పంచాయతీని ‘గోదాన్’లో మరల కొలువు తీర్చినాడు. ఈ పర్యాయము అరుగు మీద జమీందారు గుమాస్తా ఉన్నాడు, వడ్డీవ్యాపారి ఉన్నాడు, పురోహితుడు దాతాదీన్ ఉన్నాడు. కొడుకు చేపట్టిన ఝునియాను ఇంట నుంచుకొన్న నేరమునకు వారు హోరీపై 100 రూపాయల రొక్కము, 30 మణుగుల ధాన్యము జరిమానా వేసిరి. ధనియా తిట్టిపోసినది. హోరీ మాత్రము పంచులలో పరమేశ్వరుడున్నాడని నమ్మి, కళ్లములోని ధాన్యమును తన తలమీదనే మోసికొనిపోయి అప్పగించినాడు. తరువాత ఈ సంగతి విన్న రాయ్ సాహెబునకు కోపము వచ్చినది. అన్యాయము జరిగినదని కాదు, తన రైతుపై వేసిన జరిమానా తన ఖజానాకు చేరవలసినదని! 1916 నాటి కథకు 1936 నాటి నవల వ్రాసిన ఈ వ్యాఖ్యానమును మించినది ఏ విమర్శకుడును వ్రాయలేదు.

ఈ రెంటికి నడుమ 1922లో వచ్చినది ‘ప్రేమాశ్రమము’. జమీందారునకును రైతులకును నడుమ తగవునే ప్రధాన వస్తువుగా తీసికొన్న నవలలలో ఇది ముఖ్యమైనది. సంత ధరకంటె తక్కువకు నెయ్యి ఈయవలెనన్న జమీందారు బంట్రోతునకు మనోహర్ ఎదురుచెప్పుటతో కథ ఆరంభమగును. ఇంత చిన్న విషయముతో ఇంత పెద్ద కథ ఎత్తుకొనుట ప్రేమ్‌చంద్‌నకే చెల్లినది. జ్ఞానశంకర్ శిస్తు పెంచుటకై దావా తెచ్చుట, స్నేహితుడైన న్యాయాధికారి జ్వాలాసింగ్ దానిని కొట్టివేయుట, గౌస్ ఖాన్ హత్య, మనోహర్ చెరసాలలో ప్రాణము తీసికొనుట, ఇంతవరకు నవల బిగువు సడలదు. అటుపిమ్మట వకీలు మారును, వైద్యుడు మారును. తుదకు యువకుడైన మాయాశంకర్ జమీందారీ హక్కులను వదలుకొనగా లఖన్‌పూర్ రైతులు సుఖింతురు. తగవు తీరినది. ఎవరు తీర్చినారు? రచయిత తీర్చినాడు. ఆ రోజులలో గాంధీజీ బోధించిన హృదయ పరివర్తనపై ప్రేమ్‌చంద్‌నకు గల విశ్వాసమును శంకింపనవసరము లేదు. ఐనను మొదటి పుటలలో నెయ్యి ధర విషయమై అంత నిక్కచ్చిగా ఉండిన రచయిత, తుది పుటలలో భూమి విషయమై అంత ఉదారుడగుట పొసగలేదు. మనోహర్ మరణమునకు మాయాశంకర్ త్యాగము జవాబు కాదు.

‘ప్రేమాశ్రమము’ వెలువడుటకు ముందు, 1920–21లో అవధ్ ప్రాంతమున రైతులు లేచిరి. 1886 నాటి చట్టము అచ్చటి సామాన్య కౌలుదారునకు ఏడేండ్ల గడువు మాత్రమే ఇచ్చినది. గడువు తీరిన వెంటనే శిస్తు పెంచుటయో, ‘నజరానా’ పుచ్చుకొని అదే భూమిని అతనికే మరల ఇచ్చుటయో, కాదన్నవానిని వెళ్లగొట్టుటయో జమీందారులకు పరిపాటియైనది. 1921లో చట్టమును సవరించి కౌలుదారు బ్రదికియున్నంతకాలము భూమి అతని చేతిలో నుండునట్లు చేసిరి. హోరీ బ్రదికినది ఈ సవరణ తరువాతి కాలమున. గడువు తీరినదని అతనిని కదల్చుటకు వీలు లేదు. శిస్తు బాకీ పడినదని కదల్పవచ్చును. కనుకనే ‘గోదాన్’లో తగవంతయు బాకీ చుట్టు తిరుగును. బాకీ ఉన్నదా లేదా అని తేల్చునది రసీదు. నోఖేరామ్ శిస్తు పుచ్చుకొనును గాని రసీదు ఈయడు.

నవలలో పట్టణమునుండి తిరిగివచ్చిన గోబర్ ఈ ముడిని విప్పిన ఘట్టము చిన్నది. విమర్శకులు దానిపై కావలసినంతగా నిలువలేదు. తండ్రి చెల్లించిన శిస్తునే నోఖేరామ్ మరల బాకీగా చూపినాడు. గోబర్ అతని యొద్దకు పోయి, ఊరిలో ఎవరికిని రసీదు ఈయవని పదిమంది చేత కోర్టులో చెప్పింతునని నిలదీసినాడు. అంతటితో గుమాస్తా మెత్తబడినాడు. ఇందు తుపాకి లేదు, నినాదము లేదు, మనసు మారుట అంతకంటెను లేదు. తన యెదుటివాడు ఏ కాగితము చూపలేడో తెలిసినవాని మాట ఉన్నది. ఆ తెలివి గోబర్‌నకు పట్టణము నేర్పినది. గ్రామములోని తండ్రికి అది లేదు. ఉన్నను ఉపయోగించెడివాడు కాడేమో.

ఏలయన దాతాదీన్ వద్ద తీసికొన్న అప్పు విషయమున జరిగినది ఇదే. తీసికొన్నది 30 రూపాయలు. పెరిగి 200 అయినది. గోబర్ న్యాయమైన వడ్డీ లెక్కగట్టి 70 పుచ్చుకొమ్మన్నాడు. దాతాదీన్ కోర్టు పేరు ఎత్తలేదు. బ్రాహ్మణుని సొమ్మని, దానిని ఎగవేసి ఎవడును సుఖపడడని అన్నాడు. హోరీ గడగడలాడి, పైసతో సహా తీర్చెదనని మాట యిచ్చినాడు. కొడుకు గెలిచిన వాదమును తండ్రి ఓడించినాడు. చట్టము అతని పక్షముననే ఉన్నది, లెక్క అతని పక్షముననే ఉన్నది. అతని నమ్మకము మాత్రము ప్రతిపక్షమున ఉన్నది. హోరీ వంటివాడు తగవు గెలుచుట ఎందుకు కష్టమో చెప్పుటకు ఇంతకంటె లోతైన పుట భారతీయ సాహిత్యములో దొరకుట అరుదు.

రైతు తనంత తాను ఒప్పుకొన్నట్లు కనబడుటలోని ఈ మర్మమును ప్రేమ్‌చంద్‌కంటె నలుబది యేండ్లకు ముందే ఒరియాలో ఫకీర్‌మోహన్ సేనాపతి పట్టినాడు. ‘ఛ మాణ ఆఠ గుంఠ’ 1897–99 సంవత్సరములలో పత్రికలో ప్రచురితమైనది. పేరే ఒక భూమి కొలత. నేతపని చేసికొను భగియా, సారియా దంపతులకు సంతానము లేదు. దేవతకు గుడి కట్టించినచో కడుపు పండునని వారికి నమ్మకము కలిగించిరి. గుడికై కావలసిన సొమ్మును రామచంద్ర మంగరాజు ఇచ్చినాడు. వారి భూమిని తాకట్టుగా వ్రాయించుకొన్నాడు. తరువాతి కథ ఊహింపదగినదే. భూమి పోయినది, ఆవు పోయినది, సారియా పోయినది, భగియాకు మతి పోయినది. దస్తావేజు ప్రకారము భగియా తన ఇష్టముతోనే సంతకము పెట్టినాడు. ఆ ‘ఇష్టము’ ఎచ్చట పుట్టినది, ఎవరు పుట్టించినారు అనునదే నవల.

ఫకీర్‌మోహన్ అనేక సంస్థానములలో దివానుగిరి చేసినవాడు. దస్తావేజుల భాష ఆయనకు చేతివ్రేళ్ల కొసల నుండినది. దానిని ఆయన వాడుకొన్న నేర్పు మెచ్చదగినది. కథ చెప్పువాడు మంగరాజును తిట్టడు, పొగడును. మంగరాజు ఏకాదశినాడు ఉపవసించును; కాని ఆ రాత్రి పడకగదిలో పాలకుండ, అరటిపండ్లు ఉంచుదురని, తెల్లవారుసరికి అవి ఉండవని మంగలి చెప్పినాడు. కథకుడు వకీలు వలె లేచి, తిన్నట్లు కంటితో చూచిన సాక్షి ఎవడని అడుగును. పుకారును నమ్మరాదని మనకు బోధించును. పాఠకుడు నవ్వుకొని తానే తీర్పు చెప్పుకొనును. పేదవాని మాటకు సాక్ష్యము చాలదని పెద్దమనిషి మాటకు సాక్ష్యమే అక్కరలేదని నడచు లోకమును, ఆ లోకపు వాదనతోనే ఎగతాళి చేసినాడు. తుదకు సర్కారు కోర్టు వచ్చినపుడు హత్యానేరము నిలువలేదు. ఆవు విషయమైన నేరము నిలిచినది. మంగరాజు జమీందారీ అతని వకీలు చేతికి పోయినది. ఊరివారు సంతోషింపలేదు. యజమాని మారినాడు; అంతే.

రవీంద్రనాథ ఠాకూరు ‘దుయి బిఘా జొమి’ 1895 నాటి పద్యము. అప్పటికి బంగాళములో 1885 నాటి కౌలు చట్టము వచ్చి పదేండ్లయినది. ఒకే గ్రామమున 12 ఏండ్లు ఎడతెగక భూమి సాగుచేసిన రైతునకు ఆ చట్టము స్థిరమైన హక్కు ఇచ్చినది. శిస్తు చెల్లించిన ప్రతివానికిని రసీదు పొందు హక్కు ఇచ్చినది. పద్యములోని ఉపేన్ కౌలుదారా, స్వంతదారా అని తర్కింపనక్కరలేదు. జమీందారు తోట నలుచదరము కావలెను; ఉపేన్ రెండు బిఘాలు అడ్డు. అతడు అమ్మనన్నాడు. నెలన్నరలో లేని అప్పునకు పుట్టిన పత్రముపై డిక్రీ వచ్చినది, ఉపేన్ వీధిని పడినాడు. శిస్తు దావా అయినచో చట్టము అడ్డుపడవచ్చును. అప్పు దావాకు అట్టి అడ్డు లేదు. చట్టము మూసిన తలుపును ప్రక్కకు నెట్టి అప్పుపత్రము లోనికి వచ్చు విధమును కవి ఒక్క వాక్యములో చెప్పి ముందుకు సాగినాడు.

పద్యములో అసలు విచారణ ఆ కోర్టులో జరుగలేదు. పదునైదు పదునారేండ్లు తిరిగి వచ్చిన ఉపేన్ తన మామిడిచెట్టు క్రింద కూర్చుండగా రెండు పండ్లు రాలినవి. తోటమాలి పట్టుకొనిపోయినాడు, జమీందారు దొంగ అన్నాడు. వాదియు, న్యాయాధిపతియు ఒక్కడే. ఆ క్షణమున ఉపేన్ కన్నీటితో నవ్విన నవ్వునకు ఏ కోర్టులోను స్థానము లేదు. ఈ పద్యము వ్రాసినవాడు స్వయముగా జమీందారు. తన కాళీగ్రామ్ పరగణాలో రైతుల తగవులు కోర్టులకు పోకుండ గ్రామస్థుల మధ్యవర్తిత్వముతో తీరునట్లు ఏర్పాటు చేసినవాడు. జమీందారే ప్రతివాది యైనపుడు మధ్యవర్తి ఏమి చేయగలడని ఆయన పద్యము ఆయన నడిగినట్లున్నది. ఈ పద్యము పేరును తలపించుచు బిమల్ రాయ్ 1953లో తీసిన చిత్రములో శంభు అప్పు తన లెక్కకు 65 రూపాయలు, జమీందారు లెక్కకు 235. మధ్యనున్న తేడా అంతయు రసీదు లేని చాకిరి, రసీదు లేని ధాన్యము. కోర్టు మూడు నెలల గడువు ఇచ్చినది. ఆ గడువునకై శంభు కలకత్తాలో రిక్షా లాగినాడు.

మలయాళములో కె. దామోదరన్ 1937లో రైతు సంఘపు సభకై వ్రాసిన నాటకము పేరు ‘పాట్టబాకి’, అనగా కౌలు బకాయి. లెక్కల పుస్తకములోని పద్దు నాటకమునకు పేరైనది. తొందరలో వ్రాసిన రచన; పాత్రలు ముతకగా ఉన్నవి. ఐనను ఒక బకాయి పద్దు ఒక ఇంటిలోని అన్నను చెరసాలకు, చెల్లెలిని వీధికి ఎట్లు నెట్టినదో సామాన్య ప్రేక్షకునకు తెలిసినది. ఆ రాష్ట్రమున 1957 ఏప్రిల్‌లో క్రొత్త ప్రభుత్వము అధికారమునకు వచ్చిన వారము లోపల బేదఖళ్లను ఆపుచు శాసనము చేసినపుడు, దాని అర్థమును ప్రజలకు ఎవరును వివరింపనక్కరలేకపోయినది.

తెలుగు విషయమునకు వచ్చినచో విచిత్రమైన వెలితి కనబడును. మన భాషలో ఈ తగవునకు సంబంధించిన పదసంపద తక్కువది కాదు. మేలువారము, కుడివారము, రాజభాగము, జిరాయితీ, కంబత్తము, పాలు, కౌలు, మక్తా, పట్టా, అడంగలు, పహాణీ. ఒక్కొక్క మాట వెనుక తరతరముల పోరాటమున్నది. కోస్తా జమీందారీలలో 1908 నాటి ఎస్టేట్స్ ల్యాండ్ చట్టము జిరాయితీ రైతునకు స్థిరమైన హక్కు ఇచ్చినది. జమీందారు స్వంత సేద్యమగు కంబత్తమునకు ఆ హక్కు వర్తింపదు. ఇంకేమి! రైతు దున్నుచున్నది జిరాయితీయా, కంబత్తమా అను ఒక్క ప్రశ్న మీద ఎన్నో కుటుంబముల బ్రదుకులు ఆధారపడినవి. ఒక్క పదము మీద భూమి నిలుచుటయో పోవుటయో జరుగు చోటికంటె రచయితకు కావలసిన చోటు వేరొకటి ఏమున్నది? అచ్చటికి మన నవల తరచుగా పోలేదు.

కోర్టు మన రచయితలకు తెలియకపోలేదు. ‘కన్యాశుల్కము’లో వకీళ్లు, దొంగ సాక్ష్యములు, అగ్నిహోత్రావధానుల వ్యాజ్యముల పిచ్చి ఎంత సజీవముగా ఉన్నవో చెప్పనక్కరలేదు. గురజాడ ఆ లోకమును చేతితో తాకి చూచినవాడు. కాని అది పెండ్లి తగవు; అగ్రహారీకుని దాయాదుల తగవు; దున్నువాని తగవు కాదు. ఉన్నవ లక్ష్మీనారాయణ ఐర్లండులో చదివి వచ్చిన బారిస్టరు. 1922లో చెరసాలలో ‘మాలపల్లి’ వ్రాసినాడు. ఆ మహానవలలో ప్రధానమైన తగవు కూలికి సంబంధించినది. ధాన్యమా, రొక్కమా అనునది. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు వ్రాసిన ‘మా భూమి’ నాటకము తెలంగాణ రైతు ఆగ్రహమును ఊరూర వినిపించినది. వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’, దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ దొరల గడీలను తలుపులు తెరచి చూపినవి. ఇవి గొప్ప పనులే. ఐనను వీనిలో అన్యాయము పెద్దది, ఎదిరింపు పెద్దది. ఆ రెంటి నడుమ ఒక కౌలుదారు గుమ్మములో నిలిచి ఏమి మాటాడవలెనో తోచక తలయూపు ఆ చిన్న క్షణము చాలినంతగా పట్టుబడలేదు.

పాలకుర్తి చిట్యాల ఐలమ్మ కథ ఇందుకు ఉదాహరణము. మల్లంపల్లి భూస్వామి యొద్ద కౌలునకు తీసికొన్న భూమిని ఆమె సాగుచేసికొన్నది. విసునూరు దేశముఖు దానిపై కన్నువేసినాడు. పంటను కాజేయవచ్చిన అతని మనుషులను సంఘము వారు అడ్డుకొని, ధాన్యమును ఆమె ఇంటికి చేర్చినారు. పాటలలోను, ప్రదర్శనములలోను వినవచ్చునది ఎక్కువగా ఈ ఘట్టమే. కోర్టులో కూడ ఆమె పక్షమే నెగ్గినదన్న సంగతి పాటకు అందలేదు. చదువు రాని చాకలి స్త్రీ కోర్టు మెట్లెక్కి తన కౌలును రుజువు చేసికొనుట ధాన్యము మోసికొనివచ్చుటకంటె తక్కువ సాహసము కాదు. వీరరసమునకు అలవాటుపడిన కలము సాక్ష్యము చెప్పుటలోని ధైర్యమును గుర్తింపలేదు.

పోరాటము తరువాతి కాలము ఇంకను ఉపేక్షితమైనది. 1950 నాటి హైదరాబాదు కౌలు చట్టము లక్షలాది సాగుదారులను ‘రక్షిత కౌలుదారు’ లన్నది. వారి గతి ఏమైనదో ఎ. ఎం. ఖుస్రో 1958లో ప్రచురించిన పరిశీలనము తెలిపినది. మూడు నాలుగేండ్లు తిరుగకముందే రక్షితులలో ఇంకను కౌలుదారులుగా మిగిలినవారు నూటికి 45 మంది మాత్రమే. సుమారు 12 మంది భూమిని కొనుగోలు చేసిరి. చట్ట ప్రకారము తొలగింపబడినవారు ముగ్గురికి లోపు. చట్టవిరుద్ధముగా తొలగింపబడినవారు 22 మంది. మిగిలిన 17 మందియు స్వచ్ఛందముగా వదలుకొన్నవారు! ఈ కడపటి పద్దును అర్థశాస్త్రజ్ఞుడు లెక్కగట్టగలడు. రక్షణ నిచ్చు చట్టము వచ్చినపుడే దున్నువాడు ఆ రక్షణను చేతులార విడుచుట ఎట్లు సంభవించినదో చెప్పవలసినది కథకుడు. దొర పిలిపించినపుడు అరుగు క్రింద నిలిచిన మనిషి, తాతల నాటి ఉప్పు, కూతురి పెండ్లికి పుచ్చుకొన్న ధాన్యము, పటేలు పట్వారీల చూపులు, రాజీనామా కాగితముపై వ్రేలిముద్ర. ఆ 17 మందిలో ప్రతివాడును ఒక హోరీ. వారికి తెలుగులో ప్రేమ్‌చంద్ దొరకలేదు.

ఇది గతించిన కథ యని ఊరకుండుటకు వీలు లేదు. పశ్చిమ బెంగాలులో 1977 నాటి సవరణ రుజువు భారమును తిరుగవేసినది. దున్నుచున్నవాడు పాలికాపు కాడని రుజువు చేయవలసినవాడు భూస్వామి. మరుసటి యేడు ఉద్యోగులే సాయంకాలములందు ఊళ్లకు పోయి, పదిమంది యెదుట పాలికాపుల పేర్లు వ్రాసికొనసాగిరి. కాలక్రమమున సుమారు 14 లక్షల పేర్లు దాఖలైనవి. భూస్వామి అరుగు మీద ఒంటరిగా నోరు పెగలనివాడు తోడివారి నడుమ తన గట్టు పేరు, తన పంట పేరు చెప్పగలిగినాడు. న్యాయవాదులకు ఇది పాలనావిషయము; రచయితలకు ఇది సంభాషణకు సంబంధించిన విషయము. ఎవరి యెదుట నిలుచుండిన మనిషి ఏ మాట అనగలడో తెలియనివానికి సంభాషణ వ్రాయుట సాధ్యము కాదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2011లో వచ్చిన చట్టము కౌలుదారునకు ఋణ అర్హత కార్డు ఇచ్చినది. 2019 నాటి చట్టము పంట సాగుదారు హక్కు పత్రము నిచ్చినది. ఒప్పందము 11 నెలలు, దానిపై యజమాని సంతకము. మన డెల్టా గ్రామములలో కౌలు చాలవరకు నోటిమాట. సంతకము అడిగినవానికి మరుసటి యేడు భూమి ఉండునో ఉండదో అను భయము ఊరివారందరికిని తెలిసినదే. కనుక ఆ అరుగు మీద యజమాని కాదనడు, కౌలుదారు గట్టిగా అడుగడు. ఒకడు కాలువ నీటిని గూర్చి మాటాడును, మరియొకడు పిల్లల చదువును గూర్చి అడుగును. కాఫీ వచ్చును. కౌలుదారు జేబులోని కాగితము మడత విప్పకుండగనే లేచి చెప్పులు తొడిగికొనును.